ముడిసరుకు దాటిపోయే దారి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పారిశ్రామిక చరిత్ర, ఆర్థికవిధానాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రాయలసీమకు నైరుతి అంచున, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకొని ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పట్టు, టమోటా, పాడి, గ్రానైట్, బంగారం వంటి వనరులకు కొదవ లేదు. అయినా ఈ మూడు పట్టణాలూ పారిశ్రామిక కేంద్రాలుగా ఎదగలేదు. ప్రభుత్వవిధానాలు ఈ ప్రాంతాన్ని విస్మరించాయన్నది సాధారణాభిప్రాయం. విధానాలు ఇక్కడికి రాకపోలేదనీ, అవి పరిశ్రమను బయటినుంచి తేవలసిన వస్తువుగా చూసి, స్థానికంగా అప్పటికే ఉన్న ఉత్పత్తిని పరిశ్రమగా లెక్కించకపోవడమే ప్రధాన లోపమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పట్టుపై దిగుమతి సుంకం, టమోటా మార్కెట్, పాడి అభివృద్ధి, కుప్పంలో జరిగిన ప్రయోగాలు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం, పారిశ్రామికవిధానం, పట్టు పరిశ్రమ, టమోటా మార్కెట్, పాడి, విలువ జోడింపు.

1. ఉపోద్ఘాతం:
స్వతంత్ర భారతదేశంలో పారిశ్రామికీకరణ గురించిన చర్చ ఎక్కువగా ఉక్కు కర్మాగారాలు, భారీ యంత్రపరిశ్రమలు, మహానగరాల చుట్టూ సాగింది. 1948, 1956 సంవత్సరాల పారిశ్రామికవిధాన తీర్మానాలు ప్రభుత్వరంగానికి అగ్రస్థానమిచ్చాయి. 1977 నాటి విధానప్రకటన చిన్న పరిశ్రమలకు ప్రాధాన్యం ఇవ్వగా, ఆ మరుసటి ఏడాది జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఏర్పడ్డాయి. 1991 జూలైలో లైసెన్సుల వ్యవస్థ చాలావరకు రద్దయింది. ఈ మూడు మలుపులూ పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ కనిపిస్తాయి. అవి ఒక తాలూకా కేంద్రంలో నేతగాడి ఇంటికీ, రైతు పొలానికీ, గని కూలీ బతుకుకూ ఏ రూపంలో చేరాయన్న విషయం మాత్రం చరిత్రరచనలో తక్కువగా చోటుచేసుకుంది.

ఒక ప్రాంతం పారిశ్రామికంగా ఎదిగిందా లేదా అని చూడడానికి సాధారణంగా పెట్టుబడి మొత్తాన్ని, కర్మాగారాల సంఖ్యను లెక్కిస్తారు. ఈ వ్యాసం మరొక ప్రశ్నతో మొదలవుతుంది. ఇక్కడ పండినదీ, తవ్వినదీ, పితికినదీ ఏ ఊరిలో సరుకుగా రూపం మారుతోంది? ఆ మార్పువల్ల కలిగే కూలి, లాభం, పనితనం ఎక్కడ మిగులుతున్నాయి? మూడు పట్టణాల చరిత్రను ఈ ప్రశ్న వెలుగులో చూసినప్పుడు విధానాల బలమూ బలహీనతా స్పష్టమవుతాయి.

2. భౌగోళిక, పాలనా నేపథ్యం:
ఈ మూడు పట్టణాలూ మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉన్నాయి. జీవనదులు లేవు. వ్యవసాయం చెరువులమీద, బావులమీద, తరువాతికాలంలో గొట్టపుబావులమీద ఆధారపడింది. 1876-78 నాటి ధాత కరువు ఈ నేలను తీవ్రంగా దెబ్బతీసింది.

పాలనాపరంగా వీటి మూలాలు వేరు. మదనపల్లె కడప జిల్లాలో భాగం. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీ కిందిది. ఈ రెండు జమీందారీలూ ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందినవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిశాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి.

రవాణాలోనూ మూడింటి స్థితి ఒకటి కాదు. జోలార్‌పేట – బెంగళూరు రైలుమార్గం 1864లోనే ప్రారంభమైంది. కుప్పం ఆ మార్గంలో ఉంది. పాకాల – ధర్మవరం మార్గం 19వ శతాబ్ది చివరి దశకంలో వచ్చినా, ‘మదనపల్లె రోడ్డు’ స్టేషను పట్టణానికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండిపోయింది. పుంగనూరుకు రైలే లేదు. రైలున్న కుప్పానికీ ఆ మార్గం ప్రధానంగా మనుషులనూ ముడిసరుకునూ బయటికి చేరవేసే దారిగానే ఉపయోగపడింది. 1880 తరువాత జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ కోలారు బంగారు గనులను యంత్రాలతో తవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఉత్తర ఆర్కాటు ప్రాంతపు తమిళ, తెలుగు కూలీలు పెద్దసంఖ్యలో అక్కడికి వలసపోయారు. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు ఆ గనులకు చేరింది. ఆధునిక పరిశ్రమ ఈ ప్రాంతానికి కూతవేటు దూరంలోనే ఉన్నా, ఇక్కడివారు దానిని కూలీలుగా మాత్రమే ఎరుగుదురు.

3. మదనపల్లె – మగ్గం, మండీ:
మదనపల్లె పేరు చెప్పగానే 1915లో స్థాపితమైన బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల, 1919లో అక్కడికి రవీంద్రనాథ ఠాగూర్ రాక, ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం గుర్తుకు వస్తాయి. విద్య, వైద్యరంగాలలో ఈ పట్టణానికి ఉన్న ఖ్యాతి దాని ఉత్పత్తిరంగాన్ని కొంత మరుగున పడవేసింది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు ప్రసిద్ధి. ఇంటిల్లిపాదీ పనిచేసే ఆ మగ్గం గణాంకాల్లో ‘గృహపరిశ్రమ’గా నమోదైంది కాని, పారిశ్రామికవిధానంలో కేంద్రస్థానం పొందలేదు.

3.1. పట్టుపై సుంకం:
పట్టుచీర వెనుక పొడవైన గొలుసు ఉంది. మల్బరీ రైతు పట్టుపురుగులను పెంచి గూళ్లు తీస్తాడు. రీలింగు చేసేవారు ఆ గూళ్లనుంచి దారం లాగుతారు. మెలితిప్పి, రంగు అద్దిన తరువాత అది పడుగుగా, పేకగా మగ్గానికి చేరుతుంది. మైసూరు రాష్ట్రంతో ఉన్న సామీప్యంవల్ల పలమనేరు, కుప్పం, మదనపల్లె పరిసరాల్లో మల్బరీ సాగు వేళ్లూనుకొంది. అంటే గొలుసు మొదటి కొనా, చివరి కొనా రెండూ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. మధ్యనున్న రీలింగు, గూళ్ల బేరం మాత్రం చాలావరకు కర్ణాటకలోని రామనగర, శిడ్లఘట్ట కేంద్రాలకు అనుబంధమైంది. ఇక్కడి గూళ్లు సరిహద్దు దాటి వెళ్లడం, దారం మళ్లీ సరిహద్దు దాటి రావడం అలవాటుగా మారింది.

ఈ అమరికవల్ల ఢిల్లీలో తీసుకొనే ప్రతి సుంకనిర్ణయమూ ఈ ప్రాంతాన్ని రెండు వైపులనుంచి తాకింది. చైనా ముడిపట్టు చౌకగా దిగుమతి అవుతున్నందున 2003లో కేంద్రప్రభుత్వం దానిపై యాంటీ డంపింగ్ సుంకం విధించింది. 2011-12 బడ్జెట్‌లో ముడిపట్టుపై ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 30 శాతంనుంచి 5 శాతానికి తగ్గించింది. 2013-14లో దానిని 15 శాతానికి పెంచింది. సుంకం తగ్గితే నేతగాడికి దారం చౌక, మల్బరీ రైతుకు గూళ్ల ధర పతనం. సుంకం పెరిగితే రైతుకు ఊరట, మగ్గానికి భారం. గూడు పండించే పల్లెకూ చీర నేసే పల్లెకూ మధ్య బస్సు ప్రయాణమంత దూరమే ఉన్నా, వారి ప్రయోజనాలు పరస్పరవిరుద్ధాలయ్యాయి. మధ్యనున్న రీలింగు దశ స్థానికంగా బలపడి, ఆధునిక యంత్రాలతో ఏకరీతి దారం తీయగలిగి ఉంటే ఈ వైరుధ్యం కొంతైనా తగ్గేది. రైతుకు గిట్టుబాటు ధర, నేతగాడికి నాణ్యమైన పడుగుదారం ఒకే ఊళ్లో దొరికేవి. విధానచర్చ మాత్రం సుంకం శాతం చుట్టూనే తిరిగింది.

చేనేతకు రక్షణగా వచ్చిన 1985 నాటి చేనేత వస్తువుల రిజర్వేషన్ చట్టం కూడా క్రమంగా బలహీనపడింది. మొదట 22 రకాల వస్తువులను చేనేతకు కేటాయించగా, తరువాత ఆ జాబితా 11కు కుదించబడింది. మరమగ్గాల పోటీలో చట్టం అమలు ఎక్కడికక్కడ సడలింది. ముడిదారం అప్పుగా ఇచ్చి, చీర తీసుకొని, కూలి లెక్కగట్టే మాస్టర్ వీవర్ల వ్యవస్థలో నేతగాడు స్వతంత్ర ఉత్పత్తిదారు స్థాయినుంచి కూలికి నేసేవాడి స్థాయికి చేరాడు.

3.2. టమోటా మార్కెట్:
మదనపల్లె టమోటా మార్కెట్ ఆసియాలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటిగా పేరొందింది. చల్లని వాతావరణం, తక్కువ నీటితో పండే పంట, బిందు సేద్యం, బెంగళూరు, చెన్నై నగరాల సామీప్యం దీనికి కారణాలు. 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టం పరిధిలో యార్డు నడుస్తుంది. రైతు పెట్టెలను మండీకి చేరుస్తాడు. వేలం ముగిశాక సరుకు లారీల్లో ఇతర రాష్ట్రాలకు బయలుదేరుతుంది.

ఈ మార్కెట్ పరిమాణం ఎంత పెద్దదో దాని అనిశ్చితి కూడా అంత పెద్దది. 2023 జూలై చివరిలో మదనపల్లెలో కిలో టమోటా ధర 200 రూపాయల దరిదాపులకు చేరింది. రెండు నెలలు తిరగకముందే అది పది రూపాయలకు అటూ ఇటూగా పడిపోయింది. ధర పెరిగినప్పుడు పంట చేతిలో ఉన్న రైతులు కొద్దిమంది. ఆ ధర చూసి నాటినవారు ఎక్కువమంది. వారి పంట ఒకేసారి మార్కెట్‌కు వచ్చింది.

శుద్ధిపరిశ్రమ లేకపోవడమే సమస్యకు మూలమన్న మాట ప్రతి పతనకాలంలోనూ వినిపిస్తుంది. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో 500 కోట్ల రూపాయలతో ప్రకటించిన ‘ఆపరేషన్ గ్రీన్స్’ పథకంలో టమోటా, ఉల్లి, బంగాళాదుంపలకు చోటు దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, అనంతపురం జిల్లాలను టమోటా క్లస్టర్లుగా గుర్తించారు. అయితే గుజ్జు కర్మాగారానికీ కూరగాయల మార్కెట్‌కూ కావలసిన పండు ఒకటి కాదు. దూరప్రయాణానికి గట్టి తోలు, ఎక్కువ నిలవ ఉండే సంకరరకాలు కావాలి. గుజ్జుకు నీరు తక్కువగా, ఘనపదార్థం ఎక్కువగా ఉన్న రకాలు కావాలి. పచ్చిసరుకు ధర బాగున్నప్పుడు రైతు కర్మాగారం వైపు చూడడు. ధర పడినప్పుడు ప్రతి రైతూ అటే పరుగెత్తుతాడు. ఏడాదిలో కొన్ని వారాలే నడిచే కర్మాగారం నిలదొక్కుకోలేదు. చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు పరిశ్రమ వ్యాపించడానికి తోతాపురి అనే శుద్ధికి తగిన రకం ఉండడం ముఖ్యకారణం. టమోటాలో అటువంటి రకం ఎంపిక, ముందస్తు ధర ఒప్పందం, మామిడి సీజను ముగిసిన తరువాత అవే యంత్రాలను వాడుకొనే ఏర్పాటు కలిసి రావాలి. కర్మాగారానికి రాయితీ ఇవ్వడంతోనే ఈ మూడూ సమకూరవు.

4. పుంగనూరు – పొట్టి ఆవు, పెద్ద పథకాలు:
పుంగనూరు పేరును దేశమంతటా మోసినది పరిశ్రమ కాదు, పశువు. పుంగనూరు ఆవు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే పొట్టిజాతి. కొద్దిపాటి మేతతో, కరువులోనూ బతకగలదు. పాలు తక్కువ ఇచ్చినా వెన్నశాతం ఎక్కువ. మెట్టరైతు ఆర్థికస్థితికి సరిగ్గా తూగిన జంతువు ఇది.

1970లో మొదలై 1996 వరకు సాగిన ‘ఆపరేషన్ ఫ్లడ్’ దేశంలో పాల ఉత్పత్తిని పెంచింది. చిత్తూరు జిల్లా పశ్చిమభాగంలో పాడి రైతు కుటుంబాలకు నికరమైన ఆదాయమార్గమైంది. వానలు లేని ఏడాదిలోనూ రోజువారీ చేతిలో డబ్బు కనిపించింది పాలవల్లనే. అయితే పాల పరిమాణమే లక్ష్యమైనప్పుడు జెర్సీ సంకరజాతి ముందుకు వచ్చింది, పుంగనూరు జాతి వెనుకబడింది. అంతరించే స్థితికి చేరిన ఈ జాతిని పలమనేరులోని పశుపరిశోధనకేంద్రం కాపాడుతూ వచ్చింది. నేడు అది లక్షల రూపాయల ధర పలికే పెంపుడు జంతువైంది. ఒకనాడు పేదరైతు పెరటి పశువుగా ఉన్నది ఇప్పుడు అతనికి అందని సంపద.

1991-92లో పాడిరంగం ప్రైవేటు సంస్థలకు తెరుచుకొంది. 1992 నాటి పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వు కొత్త సంస్థలకు మార్గం వేసింది. సహకారరంగంలోని చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. పాలు అమ్ముకొనే చోటు రైతుకు దొరుకుతూనే ఉన్నా, ధర నిర్ణయించే సంస్థలో సభ్యుడిగా అతనికున్న స్థానం పోయింది. పాలు సేకరించి చల్లబరిచే దశవరకే స్థానికంగా మిగిలి, నెయ్యి, వెన్న, జున్ను, పాలపొడి వంటి లాభదాయకమైన దశలు అతని చేతికి అందలేదు.

ఇదే నేలమీద 2023లో జర్మనీకి చెందిన పెప్పర్ మోషన్ సంస్థ విద్యుత్ బస్సులు, ట్రక్కుల తయారీ కేంద్రం స్థాపిస్తామని ప్రతిపాదించింది. రైలులేని పట్టణానికి అటువంటి ప్రతిపాదన రావడం ఆకర్షణీయమే. విధానదృష్టి ఎటువైపు ఉన్నదో కూడా ఇది చూపుతుంది. బస్సుల తయారీకి కావలసిన విడిభాగాలేవీ ఇక్కడివి కావు. ఇక్కడివైన పాలకు ఆ స్థాయి ప్రణాళిక ఎన్నడూ రూపొందలేదు.

5. కుప్పం – గని, ప్రయోగక్షేత్రం:
మూడింటిలో విధానాల వెలుగు అత్యధికంగా పడినది కుప్పంమీద. 1989 నుంచి నారా చంద్రబాబునాయుడు ఈ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహిస్తున్నారు. 1995-2004 మధ్య ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో కుప్పం కొత్త ఆలోచనలకు ప్రయోగక్షేత్రమైంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ దశాబ్దపు రెండో సగంలోనే ఇజ్రాయెల్ సాంకేతికతతో ప్రదర్శనక్షేత్రం వెలిసింది. చిన్న కమతాల గట్లు తొలగించి, బిందు సేద్యంతో వాణిజ్యపంటలు పండించారు. దిగుబడులు పెరిగినా, అంత ఖర్చు సామాన్యరైతు భరించగలడా, చెదిరిన గట్లను తిరిగి గుర్తించడమెలా, లోతైన బోర్లమీద ఆధారపడడం ఎంతకాలం అన్న ప్రశ్నలు మిగిలాయి. బిందు సేద్యం సామాన్యరైతుకు విస్తృతంగా చేరింది 2003 నవంబరులో మొదలైన రాష్ట్ర సూక్ష్మసేద్య పథకపు రాయితీలతో. విదేశీ నమూనాకన్నా, రైతు తన మడిలో తానే అమర్చుకోగల పరికరం ఎక్కువ దూరం ప్రయాణించింది.

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ ప్రభుత్వభాగస్వామ్యంతో మూడేళ్ల గడువుతో ‘కుప్పం ఐ-కమ్యూనిటీ’ని ప్రారంభించింది. సుమారు 3 లక్షల జనాభాకు కంప్యూటరు సేవలందించే సమాచారకేంద్రాలు వెలిశాయి. స్వయంసహాయకబృందాల మహిళలు సౌరవిద్యుత్తుతో నడిచే ప్రింటరు, డిజిటల్ కెమెరా పట్టుకొని పల్లెల్లో ఫొటోలు తీసి సంపాదించారు. స్త్రీలు యంత్రాన్ని చేతబట్టి ఆదాయం పొందిన ఆ అనుభవం విలువైనది. అయితే కుప్పం అక్కడ వినియోగదారుల ఊరు, తయారీ ఊరు కాదు. గడువు ముగిసినప్పుడు సంస్థ వెళ్లిపోవడానికి అడ్డుపడే కర్మాగారమో, సరఫరాదారుల వలయమో ఏర్పడలేదు.

కుప్పం నేలలోని సంపద కథ ఇందుకు సమాంతరంగా నడిచింది. ‘కుప్పం గ్రీన్’ పేరుతో గ్రానైట్ అంతర్జాతీయ మార్కెట్‌లో పరిచితమైంది. కోత, పాలిష్ యూనిట్లు కొన్ని ఉన్నా, బ్లాకుగా రేవుకు తరలిన రాయికి, పలకగా మారిన రాయికి మధ్యనున్న విలువలో అధికభాగం బయటనే మిగిలింది. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ కింద నడిచాయి. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడడంతో అవీ నిలిచిపోయాయి. నిర్ణయం మరొక రాష్ట్రంలోని ప్రధానకేంద్రపు నష్టాలను చూసి జరిగింది. ఉపాధి పోయినవారిలో ఇక్కడివారూ ఉన్నారు.

6. సరిహద్దుకు అటూ ఇటూ:
ఈ పరిస్థితికి భౌగోళికస్థితినే కారణంగా చూపడం కుదరదు. బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడు సరిహద్దు లోపల హోసూరు ఉంది. 1971లో ఏర్పడిన తమిళనాడు పరిశ్రమల ప్రోత్సాహకసంస్థ ఆ దశకంలోనే అక్కడ పారిశ్రామికవాడను నిర్మించింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వరుసగా వచ్చాయి. వాటి చుట్టూ విడిభాగాల చిన్న పరిశ్రమలు పుట్టాయి. కుప్పం బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉండడం ప్రతికూలతే. అయినా ముందుగా ఎస్టేటు, తరువాత పెద్ద సంస్థ, దాని చుట్టూ చిన్న సంస్థలు అనే క్రమం అక్కడ నెరవేరగా, 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలికసదుపాయాల సంస్థ ఏర్పడినా ఈ సరిహద్దు పట్టణాల్లో ఆ క్రమం పూర్తికాలేదు.

పన్నురాయితీల అనుభవం కూడా ఇదే చెబుతుంది. రాష్ట్రవిభజన తరువాత చిత్తూరు సహా ఏడు వెనుకబడిన జిల్లాల్లో 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 వరకు స్థాపించే తయారీ పరిశ్రమలకు ఆదాయపు పన్ను చట్టంలోని 32ఏడీ విభాగం కింద 15 శాతం అదనపు పెట్టుబడి మినహాయింపు ప్రకటించారు. రాయితీ జిల్లా అంతటికీ ఒకటే. పెట్టుబడి మాత్రం చెన్నై రేవుకు దగ్గరగా 2008లోనే మొదలైన శ్రీసిటీ వైపు మొగ్గింది. జిల్లాను ఒకే ప్రమాణంగా తీసుకొన్న విధానం, రేవుకు దగ్గరగా ఉన్న తూర్పుకూ కరువునేలైన పడమటికీ ఉన్న తేడాను చూడలేదు. చెన్నై – బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన కేంద్రం కృష్ణపట్నం తీరంలో ఉంది. కొత్త ఎక్స్‌ప్రెస్ రహదారి వి.కోట, పలమనేరు మీదుగా సాగుతుంది. సరుకు దాటిపోయే దారి మరింత వేగవంతమవుతుంది. ఆ దారిపక్కన ఏమి నిలుస్తుందన్నది వేరే ప్రణాళికను కోరే విషయం.

నీటి విషయం ఇందులో విడదీయరానిది. శ్రీశైలం నుంచి కృష్ణాజలాలను ఎత్తిపోసే హంద్రీ-నీవా పథకంలో పుంగనూరు, కుప్పం శాఖాకాలువలున్నాయి. దశాబ్దాల నిరీక్షణ తరువాత కుప్పానికి నీరు చేరడం చారిత్రకఘట్టమే. ఆ నీరు మల్బరీకి, పశుగ్రాసానికి, టమోటాకు అందితే స్థానికపరిశ్రమకు పునాది అవుతుంది. పంట పెరిగి, శుద్ధి పెరగకపోతే అదే నీరు మార్కెట్‌లో ధరపతనాన్ని పెంచవచ్చు.

7. ముగింపు:
మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చరిత్ర నిర్లక్ష్యపు చరిత్ర మాత్రమే కాదు. సుంకాలు, చట్టాలు, రాయితీలు, విదేశీ భాగస్వామ్యాలు, క్లస్టర్ పథకాలు అన్నీ ఇక్కడికి వచ్చాయి. పట్టును దిగుమతి సమస్యగా, టమోటాను ధరల సమస్యగా, పాలను పరిమాణ సమస్యగా, కుప్పాన్ని నమూనాగా చూశాయి. గూడుకూ చీరకూ మధ్యనున్న రీలింగు, పండుకూ గుజ్జుకూ మధ్యనున్న రకం ఎంపిక, పాలకూ నెయ్యికీ మధ్యనున్న సహకారసంస్థ, బ్లాకుకూ పలకకూ మధ్యనున్న కోతయంత్రం మాత్రం ఏ పథకానికీ కేంద్రం కాలేదు. ప్రాంతీయ పరిశ్రమ పుట్టవలసినది ఆ మధ్యదశల్లోనే.

తెల్లవారుజామున కుప్పం స్టేషనులో బెంగళూరు బండి ఎక్కి, రాత్రికి తిరిగివచ్చే యువకులు ధాత కరువు తరువాత కోలారు గనులకు నడిచిన తరానికి వారసులు. బండి మారింది, పని మారింది, ప్రయాణపు దిక్కు మారలేదు. ఈ ప్రాంతానికి వచ్చే ప్రతి కొత్త విధానాన్ని పెట్టుబడి అంకెతో కాక, దాని తరువాత ఇక్కడి ముడిసరుకు ఎన్ని దశలు ఇక్కడే పూర్తిచేసుకొంటోందన్న లెక్కతో తూచడం పరిశోధకులకూ ప్రణాళికాకర్తలకూ అవసరం. రీలింగు, పాడి సహకారం, శుద్ధిరకాలు, గ్రానైట్ కోత అనే నాలుగు రంగాల్లో గ్రామస్థాయి క్షేత్రపరిశోధన జరిగితే ఈ లెక్కకు దృఢమైన ఆధారం లభిస్తుంది.